లెక్కకెక్కారు, పేరుకెక్కలేదు
(సాయుధ దళాల పతాక దినోత్సవం సందర్భంగా సత్యవేడులో చేసిన స్మారకోపన్యాస పాఠం)



ఈ రోజు డిసెంబరు 7. పిల్లల చొక్కాల మీద అంటించిన చిన్న జెండాలో మూడు రంగులున్నాయి. ఎరుపు సైన్యానిది, ముదురు నీలం నౌకాదళానిది, లేత నీలం వాయుసేనది. 1949 ఆగస్టు 28న రక్షణ మంత్రి కమిటీ ఈ తేదీని ఖాయం చేసింది. అంతకు ముందు, తెల్లవాళ్ల ఏలుబడిలో, నవంబరు 11న కాగితపు గసగసాల పూలు అమ్మి చందా పోగుచేసేవాళ్లు. ఇప్పుడు స్టిక్కరు వచ్చింది గానీ, మా కాలంలో అయ్యవారు జెండాను గుండుసూదితో జేబుకు గుచ్చేవారు. సాయంత్రానికి సూది మిగిలేది, జెండా ఎక్కడో రాలిపోయేది.

సరిగ్గా ఇదే తేదీన, 1782లో, చిత్తూరు పక్కన నరసింగరాయనిపేట దండులో హైదర్ అలీ కన్నుమూశాడు. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు, తేదీలు కలిశాయంతే. నేను చెప్పబోయే కథలో ఆయన కూడా వస్తాడు కాబట్టి ఎత్తాను.

నన్ను అమరవీరుల గురించి మాట్లాడమన్నారు. వాళ్ల ధైర్యం గురించి చెప్పడానికి నాకు అర్హత లేదు, తుపాకీ పట్టినవాణ్ని కాను. నేను పట్టుకున్న ప్రశ్న చిన్నది. యుద్ధంలో పోయిన మామూలు సిపాయి పేరును మన సీమలో ఎవరు రాశారు, ఎప్పుడు రాయడం మానేశారు, మళ్లీ ఎప్పుడు మొదలెట్టారు?

మొదట రాసింది ఊరు. పుంగనూరు, మదనపల్లె వైపు పొలం గట్ల మీద, చెరువు కట్టల కింద వీరగల్లులు, అంటే చచ్చిన వీరుడికి నిలిపిన రాళ్లు, కనిపిస్తాయి. కొన్ని గుడి గోడకు ఆనించి ఉంటాయి, కొన్నింటికి పసుపు కుంకుమలు పెట్టి గ్రామదేవతను చేసేశారు. దగ్గరికి వెళ్లి చూడండి. చాలా రాళ్ల మీద బొమ్మ మూడంతస్తులుగా ఉంటుంది. అడుగున యుద్ధం: జుట్టు ముడి వేసుకున్న మనిషి, ఒక చేత కత్తి, ఇంకో చేత డాలు, కొన్నింటిలో ఒంట్లో దిగిన బాణాలు కూడా. నడుమ అప్సరసలు అతన్ని చెరో రెక్క పట్టుకుని పైకి తీసుకుపోతుంటారు. పైన శివలింగం ముందు అతను చేతులు జోడించుకుని కూర్చునుంటాడు. అక్షరాలున్న రాయి అయితే ఏ రాజు కాలం, ఏ ఊరి గొడవ, ఎవరి కొడుకు, ఎవరితో పోరాడి పడ్డాడు అన్నది చెబుతుంది. 9వ శతాబ్దం నాటి సోరెమటి యుద్ధం సంగతి మనకు తెలిసింది ఇలాంటి రాళ్ల వల్లే. ఒక పక్క బాణులు, వైదుంబులు. ఎదుటి పక్క నొళంబులు, గంగులు. ఆ రాజుల కోటలు పోయాయి, కొలువులు పోయాయి. వాళ్ల కోసం చచ్చిన బంటు పేరు మాత్రం కొన్నిచోట్ల ఇంకా చదవడానికి వస్తోంది.

రాజు యుద్ధంలో పోయినవాడికే రాయి నిలిపారనుకోకండి. దొంగలు తోలుకుపోతున్న పశువుల్ని మళ్లించబోయి పోయినవాడికీ నిలిపారు, పులికి ఎదురెళ్లి పోయినవాడికీ నిలిపారు. కర్ణాటకలో మండ్య దగ్గర ఆటకూరు శాసనం ఉంది, క్రీ.శ. 949–50 నాటిది. గంగరాజు బూతుగుడి సేనాని మణలేరుడి వేటకుక్క అడవిపందితో పోరాడి చచ్చింది. దానికి రాయి నిలిపి, దాని పేరు కాళి అని చెక్కించారు. ఈ కుక్కను కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

రాయితో సరిపెట్టేవాళ్లు కారు. చనిపోయినవాడి ఇంటివాళ్లకు భూమి ఇచ్చేవాళ్లు. అరవ నాట ఒక పేరు, కన్నడ సీమలో ఇంకో పేరు ఉన్నా, రెండు చోట్లా అది నెత్తుటికి ఇచ్చిన మాన్యమే. మాజీ సైనికులకు పట్టా భూమి ఇవ్వడమూ, ఈ రోజు జెండా చందా వితంతువుల, వికలాంగుల సంక్షేమానికి పోవడమూ కొత్తగా పుట్టినవి కావు.

ఇక మన గుమ్మం ముందుకు వద్దాం. 1780లో హైదర్ అలీ కర్నాటిక్ సీమ మీద విరుచుకుపడినప్పుడు ఈస్టిండియా కుంపిణీవాళ్లు కర్నల్ బెయిలీని గుంటూరు నుంచి రమ్మన్నారు. అతని వెంట సుమారు 2,800 మంది. అందులో తెల్లవాళ్లు కొద్దిమంది, మిగిలినవాళ్లంతా దేశీ సిపాయిలు. కోస్తా వెంబడి దిగి, మన పక్కనున్న గుమ్మిడిపూండి మీదుగా ఆగస్టు చివర్లో కొర్తలయ్యారు గట్టుకు చేరారు. వచ్చిన రోజే దిగి ఉంటే దాటేసేవాళ్లు. ఇవతలి గట్టునే మకాం వేశారు. రాత్రికి ఏరు పొంగింది. పది రోజులు అక్కడే ఇరుక్కుపోయారు. ఆ ఏటికి పైన మన నగరి వైపు వాన పడితే కింద ఎలా పొంగుతుందో ఈ సభలో ఉన్నవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. ఆ పది రోజుల్లో హైదర్ కొడుకు టిప్పు దగ్గరికి వచ్చేశాడు. సెప్టెంబరు 10న కాంచీపురం దగ్గర పుల్లలూరులో బెయిలీ దండు తుడిచిపెట్టుకుపోయింది. మందుగుండు బండ్లు పేలిపోయాయి. భారతదేశంలో అప్పటిదాకా ఇంగ్లీషువాళ్లు అంతగా ఓడింది లేదు. శ్రీరంగపట్నంలో దరియా దౌలత్ మహలు గోడ మీద టిప్పు ఆ యుద్ధాన్ని బొమ్మలుగా వేయించుకున్నాడు.

మరుసటేడు అదే చోట మళ్లీ యుద్ధం జరిగింది. అందులో పోయిన ఇద్దరు ఇంగ్లీషు అధికారులకు, కర్నల్ బ్రౌనుకూ కెప్టెన్ హిస్లాపుకూ, పుల్లలూరు పొలాల్లో రెండు స్తంభాలు కట్టారు. ఇప్పటికీ ఉన్నాయి. గుంటూరు నుంచి నడిచొచ్చిన సిపాయిల పేర్లు అక్కడ ఏ రాయి మీదా లేవు. హైదర్ తరఫున చచ్చినవాళ్లవీ లేవు. రెండు వైపులా చచ్చింది మన దక్షిణాది రైతుబిడ్డలే. వీరగల్లు చెక్కించే ఊరు వెనక్కి పోయింది, దాని స్థానంలోకి జీతమిచ్చే కుంపిణీ వచ్చింది. పేరు తప్పిపోయింది ఆ మలుపులోనేనని నా నమ్మకం.

మొదటి ప్రపంచ యుద్ధానికి ఈ దేశం నుంచి పది లక్షలకు పైగా మనుషులు సముద్రం దాటారు. సుమారు 74 వేల మంది తిరిగి రాలేదు. యుద్ధం అయిపోయాక ప్రభుత్వం మద్రాసు రాజధానిలోనూ పంజాబులోనూ ఎన్నో ఊళ్లలో చిన్న చిన్న పలకలు పెట్టించింది. 1914–1919 మహాయుద్ధానికి ఈ ఊరి నుంచి ఇంతమంది వెళ్లారు, అందులో ఇంతమంది ప్రాణాలిచ్చారు. రాసింది అంతే. పన్నెండు మంది అంటారు, ఇద్దరంటారు. ఆ ఇద్దరెవరో చెప్పరు. పట్టుమని రెండొందల గడప లేని ఊరు, ఎవరు పోయారో వీధి వీధికీ తెలుసు, అయినా రాతికి తెలియదు.

ఇరాక్‌లో బస్రా స్మారకం ఇంకా ఘోరం. మెసపటేమియాలో పోయిన 40 వేల మందికి పైగా సైనికుల కోసం 1929లో తెరిచారు. తెల్ల సోల్జరుకు పేరుంది. భారతీయ అధికారికి పేరుంది. భారతీయ సిపాయికి వచ్చేసరికి ఫలానా పటాలం, ఇంకా ఇంతమంది అని అంకె. వెయ్యేళ్ల కిందటి ఆటకూరు కుక్కకు దక్కిన పాటి అక్షరాలు ఈ మనుషులకు దక్కలేదు. 2021 ఏప్రిల్‌లో కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ నివేదిక ప్రచురించి, క్షమాపణ చెప్పింది. భారతీయులూ ఆఫ్రికన్లూ ఈజిప్షియన్లూ కలిపి 45 వేల నుంచి 54 వేల మందిని సమానంగా గౌరవించలేదని, మరో లక్షా 16 వేల మందికి, బహుశా ఇంకా ఎక్కువమందికి, పేరుతో స్మారకమే లేదని ఒప్పుకుంది. నూరేళ్లు ఆలస్యమైనా ఒప్పుకున్నారు, అది చిన్న విషయం కాదు.

ఢిల్లీలో ఇండియా గేటు కూడా ఆ కాలపుదే. 1921లో పునాది, 1931లో ప్రారంభం. 70 వేల పైచిలుకు మందికి స్మారకమది, రాతికి ఎక్కింది మాత్రం 13 వేల పైచిలుకు పేర్లు.

రెండో ప్రపంచ యుద్ధానికి కొంత మారింది. రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో ఉన్న స్మారకం మీద దాదాపు 27 వేల పేర్లున్నాయి. అక్కడ సిపాయిని కూడా పేరు పెట్టి రాశారు.

ఇక్కడ మన సత్యవేడుకు ఒక చిక్కుంది, ఇది ఇంకే ఊరికీ అంత సులభంగా అర్థం కాదు. 1942లో ఇక్కడి నుంచి బర్మా వెళ్లిన కుర్రాడి కాగితంలో జిల్లా ఏమని ఉంటుంది? చెంగల్పట్టు. మనం అప్పుడు చెంగల్పట్టు జిల్లావాళ్లం. ఆంధ్ర, మద్రాసు సరిహద్దు తగవులో పటాస్కర్ ఇచ్చిన తీర్పు ప్రకారం 1959లో సరిహద్దుల మార్పు చట్టం వచ్చి, 1960 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. తిరుత్తణి అటు వెళ్లింది, సత్యవేడు ఇటు వచ్చి చిత్తూరు జిల్లాలో కలిసింది. 1997లో పాత చెంగల్పట్టు నుంచి తిరువళ్లూరు జిల్లా విడిపోయింది. 2022 ఏప్రిల్‌లో మనం తిరుపతి జిల్లా అయ్యాం. మనిషి ఉన్న ఊళ్లోనే ఉన్నాడు, ఊరు ఇన్ని చేతులు మారింది. తిరుపతి జిల్లా అమరుల పట్టిక ఎవరైనా రాయబోతే పాత చిత్తూరు జాబితా తిరగేస్తారు, అందులో ఇతను దొరకడు. తిరువళ్లూరువాళ్లు రాయబోతే, ఈ ఊరు ఆంధ్రాలో ఉంది, మనది కాదు అంటారు. పైగా ఇంగ్లీషు గుమాస్తా అరవం పలుకుబడిలో రాసిన ఊరిపేరు. అది చదివి ఏ ఊరో పోల్చుకోవాలంటే ఈ గడ్డ మీద పుట్టినవాడే కావాలి.

స్వతంత్రం తర్వాతి సంగతి మీకు తెలిసిందే, తొందరగా చెబుతాను. 1972 జనవరి 26న ఇండియా గేటు కింద అమర జవాన్ జ్యోతి వెలిగింది, అదీ పేరు తెలియని జవానుకే. 2019 ఫిబ్రవరి 25న జాతీయ యుద్ధ స్మారకం తెరిచారు. అందులో త్యాగచక్రం అనే వలయాల్లో గ్రానైట్ పలకల మీద ఒక్కొక్కరి పేరూ విడివిడిగా ఉంది, ప్రారంభం నాటికి 25,942 పేర్లు. 2022 జనవరిలో ఇండియా గేటు జ్యోతిని తెచ్చి ఈ స్మారకం జ్యోతిలో కలిపినప్పుడు వాదనలు జరిగాయి. రెండు వైపులా న్యాయం ఉంది. నాకు మాత్రం పేర్లున్న చోటే దీపం ఉండటం సబబనిపించింది.

ఈ మధ్య పోయిన మనవాళ్ల సంగతీ చూడండి. 2020 నవంబరు 8న కశ్మీరులో మాఛిల్ సెక్టారులో చొరబాటుదార్లను అడ్డుకుంటూ 18వ మద్రాసు పటాలంవాళ్లు ముగ్గురు పోయారు. కెప్టెన్ అశుతోష్ కుమార్ బీహారువాడు. హవల్దార్ ప్రవీణ్ కుమార్ రెడ్డిది మన చిత్తూరు జిల్లా ఐరాల మండలం. ర్యాడ మహేశ్‌ది నిజామాబాద్ జిల్లా. సరిహద్దు భద్రతా దళం కానిస్టేబుల్ సుదీప్ సర్కార్ కూడా ఆ రాత్రే వాళ్లతోపాటు పోయాడు. తెలుగుబిడ్డలిద్దరు ఒకే పోరులో.

రేపటి తేదీన, 2021లో, కూనూరు కొండల్లో త్రివిధ దళాల అధిపతి జనరల్ రావత్ హెలికాప్టర్ కూలింది. ఆయన అంగరక్షకుడు లాన్స్ నాయక్ సాయితేజది అప్పటి మన ఉమ్మడి జిల్లానే, కురబలకోట మండలం. కాలిన దేహాల్లో చాలావరకు ఎవరు ఎవరో తెలియలేదు. డి.ఎన్.ఎ. పరీక్ష చేసి, పేరు ఖాయం చేసుకున్నాకే ఇంటికి పంపారు. 12న అంత్యక్రియలు జరిగాయి. ఆ నాలుగు రోజులు ఆ ఇంటివాళ్లు పడ్డ నరకం మాటలకు అందదు. ఇంతమందిలో అతనూ ఒకడు అని అంకె రాసి చేతులు దులుపుకునే కాలం పోయిందనడానికి కూడా ఆ నాలుగు రోజులే సాక్ష్యం.

కొత్తవాళ్ల పేర్లు ఢిల్లీ చూసుకుంటుంది. పాతవాళ్లవి మనమే చూసుకోవాలి. అందుకని ఒక పని అడగడానికి వచ్చాను. ఇక్కడున్న బడిపిల్లలు ఈ మండలంలో ఊరూరా తిరిగి, మా తాత మిలిటరీలో పోయాడు అనే ఇల్లు ఎక్కడుందో కనుక్కోండి. అవ్వలను అడగండి, ముసలివాళ్లలో అరవం మాట్లాడేవాళ్లుంటే అరవంలోనే అడగండి. పెన్షను పుస్తకం, డిశ్చార్జి కాగితం, మెడల్ అంచు మీద చెక్కిన నంబరు, ఏది దొరికినా ఫోటో తీయండి. సిపాయి నంబరు, పటాలం, తండ్రి పేరు, ఆ కాగితంలో ఊరిపేరు ఎలా రాసుంటే అలాగే రాసుకోండి, దిద్దకండి. చెంగల్పట్టు అని ఉంటే మన ఊరు కాదేమోనని పక్కన పెట్టేయకండి. పట్టిక తయారయ్యాక ఒక ప్రతి తిరుపతి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి, ఒకటి తిరువళ్లూరువాళ్లకు పంపుదాం. రాయి ఎక్కడ నిలపాలన్నది ఆ పట్టిక చేతికొచ్చాక పంచాయతీలో కూర్చుని మాట్లాడుకోవచ్చు.