యుద్ధ చిత్రాన్ని ఉపాసకుడు ఎలా చూడాలి?

(డాలీగంజ్ ఉపాసక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

 

ఈనాడు నాకు అప్పగించిన విషయం ధమ్మ సభలకు కొంత కొత్తది. యుద్ధాన్ని ఉన్నదున్నట్లుగా చూపే చలనచిత్రాలు ఇప్పుడు విరివిగా వస్తున్నాయి. పంచశీలం స్వీకరించిన మనం థియేటరుకు వెళ్లి వాటిని చూడవచ్చునా అని మన యువకులు అడిగారు. మన మొదటి శీలమే ప్రాణాతిపాత విరతి. రెండు గంటలపాటు ప్రాణాతిపాతాన్ని చూసి ఆనందించి ఇంటికి వచ్చి బుద్ధవందన చేసుకోవడంలో పొసగనిది ఏదో ఉన్నదని వారి మనస్సుకు తోచింది. ఆ సందేహం గౌరవించదగినది.

సంయుత్త నికాయంలో గామణి సంయుత్తమనే భాగం ఉంది. అందులో రెండు సంవాదాలు పక్కపక్కనే కనిపిస్తాయి. మొదటిదానిలో తాలపుటుడనే నటబృంద నాయకుడు భగవానుని సమీపించి, రంగస్థలంపై జనులను రంజింపజేసే నటుడు మరణానంతరం దేవలోకం చేరుతాడని పూర్వాచార్యులు చెబుతారు, మీరేమంటారని అడుగుతాడు. భగవానుడు రెండు మార్లు ఆ ప్రశ్న వద్దని వారించాడు. మూడవసారి అడిగినప్పుడు సమాధానం చెప్పాడు. రాగద్వేషమోహాలను ఇంకా వీడని ప్రేక్షకులలో వాటినే మరింతగా రగిలించే నటునికి సుగతి లేదన్నది దాని సారాంశం. ఆ వెంటనే వచ్చే సంవాదంలో ఒక యోధుడు, పోరాడుతూ మరణించినవాడు స్వర్గానికి వెళతాడా అని అడుగుతాడు. ఎదుటివారు చావాలి, నశించాలి అన్న సంకల్పంతో నిండిన చిత్తం అప్పటికే పతనమైనదని అతనికి సమాధానం వచ్చింది. నటుడూ ఏడ్చాడు, యోధుడూ ఏడ్చాడు. భగవానుని మాటకు నొచ్చుకుని కాదు. పెద్దల మాట నమ్మి ఇంతకాలం మోసపోయామని.

నాటకాన్ని గురించిన సుత్తాన్ని, యుద్ధాన్ని గురించిన సుత్తాన్ని ప్రాచీనులు ఇలా ఇరుగుపొరుగున ఉంచారు. యుద్ధ చిత్రంలో ఆ రెండూ ఒకే తెరమీద కలుస్తాయి. కాబట్టి యువకుల ప్రశ్న కొత్తదిగా కనిపించినా దాని మూలం చాలా పాతది.

వినయ పిటకంలో మనకు ఇంకా దగ్గరి మాట ఒకటి ఉంది. యుద్ధానికి తరలిన సేనను చూడటానికి భిక్ఖువు వెళ్లరాదని ఒక పాచిత్తియ నియమం. ఆ నియమం ఏర్పడిన తరువాత ఒక భిక్ఖువు మేనమామ సైన్యంలో జబ్బుపడి, మేనల్లుని రమ్మని కబురు చేశాడు. నియమాన్ని తలచుకుని ఆ భిక్ఖువు సందిగ్ధంలో పడ్డాడు. సంగతి తెలిసిన భగవానుడు, తగిన కారణం ఉంటే వెళ్లవచ్చునని నియమాన్ని సడలించాడు. ఆయుధాలనూ వ్యూహాలనూ చూసి ముచ్చటపడటానికి అనుమతి లేదు. అక్కడ బాధపడుతున్న మనిషిని చూడటానికి ఉన్నది. నేను ఈ సభలో చెప్పదలచినదంతా ఈ చిన్న కథలోనే ఉంది. యుద్ధ చిత్రానికి వెళితే మేనమామను చూడబోయిన ఆ భిక్ఖువులా వెళ్లాలి.

దీనిని ఒక తెలుగు చిత్రం ఆధారంగా వివరిస్తాను. సంకల్ప్ రెడ్డి దర్శకత్వంలో 2017 ఫిబ్రవరిలో విడుదలైన ‘ఘాజీ’ మీలో చాలామంది చూసే ఉంటారు. తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం పొందిన చిత్రమది. ఆ రోజుల్లో విశాఖపట్నం వెళ్లిన నేను దానిని అక్కడి థియేటరులో చూశాను. జలాంతర్గామి లోపలి ఇరుకు, ఎర్రని దీపాలు, పీడనానికి మూలిగే ఉక్కు, చెమటతో తడిసిన ముఖాలు చూస్తుంటే ఊపిరి బిగపట్టుకోవలసి వచ్చింది. చివరకు పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ బద్దలైనప్పుడు హాలంతా ఈలలతో, చప్పట్లతో మారుమోగింది. కథ ఎక్కువ భాగం మన జలాంతర్గామి లోపలే నడుస్తుంది గనుక మనవారి ముఖాలన్నీ మనకు పరిచయమయ్యాయి. ఆవలి నౌకలో నాయకుడూ మరికొందరూ తప్ప మిగిలినవారు మనకు తెలియనే తెలియరు. తెలియనివారి చావుకు ఈల వేయడం సులభం.

ఇప్పుడు చరిత్రకు వద్దాం. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి ఘాజీ విశాఖ తీరానికి సమీపంలో మునిగింది. తమ ఐఎన్ఎస్ రాజ్‌పుత్ దానిని ముంచిందని మన నౌకాదళం చెప్పింది. లోపలి పేలుడువల్ల మునిగిందని పాకిస్తాన్ చెప్పింది. చిత్రం మూడవ కథ ఒకటి అల్లింది. ఏ కథ నిజమైనా అందులో ఉన్న తొంబైమందికి పైగా నావికులలో ఒక్కరూ బ్రతకలేదు. ఘాజీ వెతుకుతూ వచ్చినది విమానవాహక నౌక విక్రాంత్‌ను. విశాఖలోనే ఉన్నట్లు శత్రువును భ్రమింపజేసి, మనవారు విక్రాంత్‌ను దాచినది మన అండమాన్ దీవులలోనే. విశాఖనుండి ఓడ ఎక్కి పోర్టుబ్లెయిరుకు, నేటి శ్రీవిజయపురానికి, వచ్చే మన కుటుంబాలు ఆ సముద్రం మీదుగానే వస్తున్నాయి. ఆ జలాల అడుగున ఎవరో తల్లుల బిడ్డలు ఉన్నారు.

మన దీవులకు యుద్ధం తెరమీది బొమ్మ కాదు. 1942 మార్చి నుండి 1945 అక్టోబరు వరకు ఇక్కడ జపాన్ సేనల ఆక్రమణ సాగింది. 1944 జనవరి 30న హంఫ్రీగంజ్ వద్ద 44 మందిని గూఢచారులన్న నింద మోపి కాల్చి చంపారు. ఆ సేనలు వచ్చినది శతాబ్దాలుగా బుద్ధుని కొలిచిన దేశం నుండి. ఈ సంగతిని ఇతరులు మనకు గుర్తుచేసేదాకా ఆగకుండా మనమే చెప్పుకోవాలి. బుద్ధుని ప్రతిమ ఇంట ఉన్నంత మాత్రాన ద్వేషం ఇంటి బయట నిలిచిపోదు.

మరి యుద్ధాన్ని సరిగా చూసినవాడు ఎవరు? కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలమీద అశోకుని పదమూడవ శిలాశాసనం ఉంది. కళింగంలో లక్షమంది హతులయ్యారని, లక్షా యాభై వేలమంది చెరపట్టబడి తరలింపబడ్డారని, అంతకు ఎన్నో రెట్లు ఇతరంగా మరణించారని ఆయన అందులో ప్రకటించాడు. గమనించండి, ఆ రాజు తన సైనికుల లెక్క చెప్పలేదు. తాను ఓడించినవారి లెక్క చెప్పాడు. బ్రతికినవారికి తమ మిత్రుల, బంధువుల ఆపద వల్ల కలిగిన దుఃఖాన్నీ లెక్కలోకి తెచ్చాడు. మనలో అనేకుల పూర్వికులు శ్రీకాకుళం ప్రాంతీయులు. అంటే ఆ కళింగ భూమి బిడ్డలు. ఓడినవారి పక్షాన నిలిచి యుద్ధాన్ని చూడటం మనకు వంశాగతంగానే రావాలి.

ఇది సైనికులను చిన్నబుచ్చే మాట కాదు. సమీపంలోని బ్రిచ్‌గంజ్‌లో సైనిక స్థావరం ఉంది. మన ఇళ్లలోనూ సైన్యంలో, నౌకాదళంలో పనిచేసే బిడ్డలు ఉన్నారు. చంపవలసిన అవసరం వేరు, చంపాలనే కోరిక వేరు అని బాబాసాహెబ్ అంబేద్కర్ ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ గ్రంథంలో వివరించారు. సైనికునికి అవసరం ఎదురుకావచ్చు. మెత్తని కుర్చీలో కూర్చున్న ప్రేక్షకునికి ఏ అవసరమూ లేదు. అతనిలో పుట్టేది కోరిక మాత్రమే. అదే గ్రంథంలో సిద్ధార్థుడు రోహిణీ నదీజలాల కోసం కోలియులతో యుద్ధం వద్దని శాక్య సంఘంలో ఒంటరిగా నిలిచి, ఇల్లు విడిచాడు. తల్లి మహామాయ కోలియుల ఆడపడుచు. ఆయన శత్రువులని పిలవబోనిది మేనమామల వంశాన్ని.

కాబట్టి యువకులారా, ఉపోసథ దినాన అష్టశీలం పాటించేవారు ఏ వినోదానికీ వెళ్లరు గనుక ఆ రోజు ప్రశ్న లేదు. మిగిలిన రోజుల్లో యుద్ధ చిత్రాన్ని చూడవద్దని నేను అనను. నిజాయితీగా తీసిన చిత్రం యుద్ధంలోని భయాన్ని, వాసన రాని నెత్తుటిని, అర్ధాంతరంగా ఆగిపోయిన మాటను చూపుతుంది, అది చూడదగినదే. అయితే పిల్లలను వెంట తీసుకువెళితే తిరుగుదారిలో మాట్లాడండి. ఎవరు గెలిచారని కాదు, అటువైపు ఎందరు పోయారని అడగండి. వారి పేర్లు ఒక్కటైనా తెరమీద వినిపించాయా అని అడగండి. హాలులో ఈల మ్రోగిన క్షణాన మీ చిత్తంలో ఏమి కదిలిందో చూసుకోండి. సతిపట్ఠాన సాధనకు అది కూడా ఒక స్థలమే. ఇంటికి వచ్చి మెత్తా భావన చేసేటప్పుడు విశాఖ తీరాన మునిగినవారిని, హంఫ్రీగంజ్‌లో నేలకొరిగినవారిని ఒకే వరుసలో తలచుకోండి.

సాధు, సాధు, సాధు.