ఎవరి చెవితో వినాలి?

ఈ రోజు నేను చెప్పబోయేది వంటల గురించి కాదు, పిల్లల పెంపకం గురించీ కాదు. గ్రామఫోను రికార్డులు తిప్పే టర్న్‌టేబుల్ గురించి. "అది మగవాళ్ళ సరదా, మనకెందుకండీ?" అంటారేమో. డబ్బు పోయేది మనింట్లోంచే కదండీ!

మా వారు కిందటేడు రిటైరయ్యారు. మా మామగారు ఒక ట్రంకుపెట్టెడు రికార్డులు వదిలి వెళ్ళారు. అందులో ఘంటసాల గారి భగవద్గీత వంటి లాంగ్ ప్లేలు కొన్ని. మిగిలినవన్నీ అంతకన్నా పాతవి, నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క ప్లేట్లు. వాటిని మళ్ళీ వినాలని ఈయన కోరిక. ఎనభై నాలుగేళ్ళ మా అత్తగారికైతే మరీను. అంతవరకూ బాగానే ఉంది. ఈయన రివ్యూలు చదవడం మొదలుపెట్టారు చూడండి, అక్కడొచ్చింది చిక్కు. చదివినకొద్దీ ధర పెరిగింది. నలభై వేల దగ్గర మొదలైన మాట ఆర్నెల్లలో మూడున్నర లక్షలకి ఎక్కింది. అత్తగారి కంటి ఆపరేషనుకీ, వంటింటి మరమ్మతుకీ విడిగా తీసిపెట్టుకున్న డబ్బు సరిగ్గా అంతే!

"ఇది పెడితే పాటకీ మనకీ మధ్య తెర తొలిగినట్టుంటుందట" అనేవారు. ఏ తెరండీ, ఎన్ని తెరలండీ? కిందటి నెల మెచ్చుకున్నదానికీ ఇదే మాట రాశారే! ఇక లాభం లేదని కళ్ళజోడు పెట్టుకుని నేనూ చదివాను.

టర్న్‌టేబుల్ చెయ్యాల్సిన పని చిన్నదే. పళ్ళేన్ని ఒకే వేగంతో తిప్పాలి, మోటారు అదురు ముల్లుకి తగలకుండా చూడాలి. దీనికి ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి. మోటారుని పక్కన పెట్టి రబ్బరు బెల్టుతో తిప్పడం ఒకటి. పళ్ళెం కింద మోటారునే నేరుగా బిగించడం రెండోది. 1970లో జపాను టెక్నిక్స్ వారు ఎస్.పి.-10 అని ఈ రెండో రకం తెచ్చారు. ఆ తరవాత కొద్దికాలానికే స్కాట్లండులోని గ్లాస్గోలో లిన్ అనే కంపెనీ ఎల్.పి.12 అని బెల్టు రకం తెచ్చింది.

అసలు కథ ఇక్కడుంది. అటుపైన పది పదిహేనేళ్ళు ఇంగ్లండు పత్రికలు చాలావరకు బెల్టు రకానికే హారతి పట్టాయి. అంకెలు చూస్తే జపాను యంత్రాలు ఏమీ తీసిపోవు. 1979లో వచ్చిన ఎస్.ఎల్.-1200 మార్కు 2లో వేగం తేడా 0.025 శాతమేనని కంపెనీ వారి లెక్క. అయినా "అంకెలు కాదు, వింటే కాలు తాళం వెయ్యాలి" అన్నారు. ఎవరి కాలమ్మా? రాసినాయన కాలు! తరవాత డిస్కో పాటలు వేసే కుర్రాళ్ళు ఆ టెక్నిక్స్‌నే చేత్తో ఆపి, వెనక్కి తిప్పి, నానా హింసా పెట్టినా అది చెక్కు చెదరలేదు. 2010లో తయారీ ఆపేశారు. 2016లో చాలా ఎక్కువ ధరకి మళ్ళీ తెస్తే, ఆహా అన్న పత్రికలు చాలానే. బెల్టు రకం చెడ్డదని కాదు సుమండీ, అదీ మంచిదే. గాలి ఎటు వీస్తే కలాలూ అటు వాలాయని చెప్పడానికి అన్నాను.

ఇంకొకటి. అమెరికాలో మొబైల్ ఫిడెలిటీ అనే కంపెనీ రికార్డులని, పాత టేపులోంచి నేరుగా, మధ్యలో డిజిటల్ పొడ గిట్టకుండా చేసినవని నమ్మి, చెవి తిరిగిన విమర్శకులు ఆకాశానికెత్తారు. 2022 జులైలో ఒక రికార్డుల దుకాణదారు గుట్టు బయటపెట్టాడు. 2011 నుంచే వాటిలో చాలావాటికి మధ్యలో డిజిటల్ మెట్టు ఉందట! డిజిటల్ అంటేనే ముఖం చిట్లించేవాళ్ళు, అన్నేళ్ళు విని కూడా పట్టుకోలేకపోయారు. వాళ్ళు అబద్ధం చెప్పారని నేననను. కళ్ళు చదివిందే చెవులు విన్నాయి, అంతే.

సరే, ఈయన్ని వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్ళాను. చీర కొనేటప్పుడు దుకాణం దీపాల కింద చూసి ఊరుకుంటామా? గుమ్మంలోకి తెచ్చి ఎండలో చూడమూ? అదే పని చేశాను. ఖరీదైనది పెట్టినప్పుడు చప్పుడు రవ్వంత ఎక్కువగా వినిపించింది. కొంచెం గట్టిగా మోగితే చాలు, మన చెవికి అదే మేలనిపిస్తుంది. "బాబూ, రెండింటికీ చప్పుడు సమానం చెయ్యి" అన్నాను. ఈయన్ని గోడవైపు తిరిగి కూర్చోమన్నాను. ఆరుసార్లు మార్చి పెట్టిస్తే మూడుసార్లు ఒప్పు, మూడుసార్లు తప్పు. బొమ్మా బొరుసా వేసినా అంతేగా! పాపం, ఆయన ముఖం చూస్తే నాకే జాలేసింది.

అప్పుడడిగాను, "ఇది 78 ప్లేట్లు తిప్పుతుందా?" అని. కుర్రవాడు బుర్ర గోక్కున్నాడు. ఆ మూడున్నర లక్షలదానికి 33, 45 వేగాలే ఉన్నాయి! ఆర్నెల్లపాటు చదివిన రివ్యూల్లో ఈ సంగతి ఒక్కరూ ఎత్తలేదు. వాళ్ళింట్లో మా మామగారి ట్రంకుపెట్టె లేదుగా మరి. వేగం ఉన్నా చాలదు, ముల్లూ వేరే కావాలి. ఆ పాత ప్లేట్ల గాడి వెడల్పు, దాని ముల్లు మొన లాంగ్ ప్లే ముల్లుకి మూడు నాలుగు రెట్లు లావు. సన్నముల్లు పెడితే గాడి అడుక్కి దిగి గరగర తప్ప పాట సరిగ్గా పలకదు.

చివరికి మూడు వేగాలున్న మామూలుది, లావు ముల్లుతో కలిపి ముప్ఫై ఎనిమిది వేలకి తెచ్చుకున్నాం. రివ్యూలు పూర్తిగా మానమని ఈయనకి చెప్పలేదు. ఎన్ని వేగాలున్నాయి, బరువెంత, ముల్లు మార్చుకోవచ్చా, ఎన్నాళ్ళకి పాడైంది అని రాసినచోట నమ్మమన్నాను. తెరలూ, వెన్నెలా, తేనే వచ్చినచోట పేజీ తిప్పమన్నాను. ప్లేట్లు తుడవడం మాత్రం నా వంతయింది. వాటికి స్పిరిటు తగలనివ్వకండి, లక్క కరుగుతుంది. మెత్తని పొడిబట్ట చాలు.

మొదటి రోజు పద్యం అయిపోగానే ముల్లు ఎత్తబోతే అత్తగారు ఉండమన్నారు. ఆ ప్లేటు రెండో వైపు ఒకచోట బీట ఉందిట, మా మామగారు అక్కడ చిటికె వేసేవారట. తిప్పి పెట్టాం. సరిగ్గా అక్కడే టిక్కుమంది. కంటి ఆపరేషను వచ్చే నెల పదో తారీకున.