ఎవరి సొమ్ము, ఎవరి పేరు?

2009 అక్టోబరులో తుంగభద్రయు హంద్రియు పొంగి కర్నూలు పట్టణమును ముంచివేసిన దినములు మీరు మఱువలేదు. వానకై మొగము వాచియుండు సీమవారము, ఆనాడు మిద్దెలెక్కి నీటిని చూచి వణకితిమి.

అట్టి విపత్తులలో కొన్ని కంపెనీల కొక మంచి వాడుక కలదు. ఉద్యోగి యొక రూపాయి యిచ్చినచో యజమాని మఱియొక రూపాయి జతచేయును. అమెరికాలోని మనవా రనేకు లిది యెఱుగుదురు. ఇక్కడనే ధర్మసందేహము. అట్టి కొలువులోని కుఱ్ఱవాడొకడు ఇరుగుపొరుగువారి చందా 10,000 పోగుచేసి, తన సొమ్మేయని వ్రాసియిచ్చె ననుకొందము. అది 20,000 అగును. బాధితునకు లాభము, కోటీశ్వరునకు లెక్కకురాని నష్టము. తప్పేమి?

యజమాని మాటయిచ్చినది ఉద్యోగి స్వంత త్యాగమునకు. ఆ కాగితముపై చేవ్రాలు అబద్ధపు వాఙ్మూలము. అనాథకు భూమి దక్కించుటకే యైనను, దొంగసాక్ష్యము తెచ్చిన కక్షిదారుని వకీలు వెనుకకు పంపవలసినదే గదా!

యజమానులకును ఒక మాట. ముందే నిశ్చయించుకొన్న మొత్తమును జతచందాయని చాటుటయు అసత్యమే. పై అధికారి పట్టీ పట్టుకొని బల్లచెంత నిలిచినపుడు గుమాస్తా వ్రాసినది పన్నుగాని దానము కాదు. 1936 నాటి వేతనముల చెల్లింపు చట్టమున తరువాత చేర్చిన నిబంధనయు, ప్రధానమంత్రి సహాయనిధికై జీతము కోయుటకు కార్మికుని వ్రాతపూర్వక సమ్మతిని కోరినది.

ఇక ఆ కుఱ్ఱవాడు పొరుగువారి సొమ్ము వారి పేరనే పంపి, తన వేయి రూపాయలకే జత కోరవచ్చును. పోగైన చందాకును జతయిత్తురాయని దాపఱికము లేక అడుగవచ్చును, కొంద ఱిత్తురు.