ఊటగుహలలో ఎదురగు ప్రాణులు

(సంఘపు సాయంకాల సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను నేడు మాటలాడబోవు విషయము వినగానే మన కార్యదర్శిగారికి నవ్వు వచ్చినది. మంచినీటి ఊటల అడుగున గుహలుండును. వానిలోనికి మునిగి పోవు సాహసికులు కలరు. వారికచ్చట ఎదురగు ప్రాణులను గూర్చి చెప్పెదనంటిని. "మాస్టారూ, మీకు ఈతయైనా వచ్చునా?" అని వారడిగిరి. వచ్చును, బావిలో నేర్చిన ఈత. గుహలోనికి మాత్రము నేను పోలేదు, పోను కూడ. పోయి వచ్చువాడు నా మేనల్లుడు.

వాడు అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. ఈ వ్యసనమున పడినాడని తెలిసిన నాటినుండి మా చెల్లెలికి నిద్ర లేదు. "అన్నయ్యా, నలుబదేండ్లు జంతుశాస్త్రము చెప్పినవాడవు. ఆ నీళ్ళలో మొసళ్ళున్నవట. నీ మాటయైనా వింటాడేమో, పోయి మాన్పించి రా" అని నన్ను పంపినది. మాన్పించుటకు పోయినవాడను, మూడు వారములు వాని వెంట ఊటల చుట్టు తిరిగి వచ్చితిని.

ఉత్తర ఫ్లోరిడాలో నేలక్రింద అంతయు సున్నపురాయి. వాననీరు మట్టిలో దిగునపుడు కొంత ఆమ్లగుణమును పొంది, లక్షలాది సంవత్సరములుగ ఆ రాతిని కరగించి సొరంగములు చేసినది. ఆ సొరంగముల నీరు పైకుబుకు చోట్లు వేయికి పైగా ఉన్నవి. పెద్ద ఊటలలో సెకనుకు నూరు ఘనపుటడుగులకు మించిన నీరు వెలువడును. మహానంది కోనేటిలో అడుగున పడిన నాణెమును చూచినవారికి ఆ నీటి తేటదనమును నేను వర్ణింపనక్కరలేదు. ఏ ఋతువునందైనను దాని వేడిమి ఇరువది, ఇరువదిరెండు సెంటీగ్రేడు డిగ్రీల నడుమనే ఉండును.

ఈ వేడిమియే మొదటి అతిథులను పిలుచును. నేను పోయినది డిసెంబరు మాసము. బ్లూ స్ప్రింగు అను ఊట యొడ్డున కఱ్ఱవంతెనపై నిలిచి చూచితిని: బూడిదరంగు బండరాళ్ళవలె పదులకొలది మేనటీలు నీటిలో వ్రేలాడుచున్నవి. ఇది పచ్చిక మేయు జలజంతువు. ఏనుగునకు దూరపు చుట్టము. మన తమిళనాటి సముద్రతీరమున "కడల్ పసు" అని పిలువబడు డ్యూగాంగునకు దగ్గఱి చుట్టము. నీటి వేడిమి ఇరువది డిగ్రీలకు తగ్గినచో దానికి జబ్బుచేసి చచ్చును. అందుచేత చలికాలమున ఊటను ఆశ్రయించును. ఆ మాసములలో ఆ ఊటలోనికి ఈతగాండ్రను గాని, మునుగువారిని గాని దిగనీయరు. అర టన్ను బరువుగల ఒక తల్లి నిదానముగ పైకి వచ్చి, ముక్కుపుటములు తెఱచి "ఉఫ్" మని ఊపిరి విడిచి మరల మునిగినది. ఆ చప్పుడు ఇప్పటికిని నా చెవులలోనున్నది.

ఇక మా చెల్లెలి మొసలి. ఎలిగేటరను ఆ మొసలి ఊట చెరువులలో నిజముగనే ఉన్నది. వకుల్లా ఊటలో పడవనుండి చాల వానిని చూచితిని. కాని అది ఊపిరికి పైకి రావలసిన జంతువు, ఎండ కాగవలసిన జంతువు. చీకటి సొరంగములో దానికి పనియేమి? మనుష్యులు దానికి తిండి వేసి అలవాటు చేసినచో అపాయము. అందుకే అట్లు వేయుటను చట్టము నిషేధించినది.

ఊటనోటి లోపల, పైవెలుగు ఇంకను అందుచోట, జెల్లజాతి చేపలు, పాములవంటి ఈల్ చేపలు కనబడునట. ఈ ఈల్ సంగతి చిత్రమైనది. అది పుట్టునది అట్లాంటిక్ మహాసముద్రపు సార్గాసో ప్రాంతమున. పిల్లగా నదులెక్కి, పెరిగి, గ్రుడ్లు పెట్టుటకు మరల సముద్రమునకే పోవును. అంత దూరము పయనించిన జీవి ఒక రాతి సందునుండి తల బయటపెట్టి దీపమును చూచుచుండునని మావాడు చెప్పెను.

అటుపైన వెలుగు లేదు. అచ్చటి అసలు కాపురస్థులు క్రేఫిష్ అను రొయ్యవంటి జీవులు. ఒంటికి రంగు లేదు, తెల్లన. కన్నులున్నవను పేరేగాని చూపు లేదు. మీసములు మాత్రము మిక్కిలి పొడవు. వానితోనే తడవుకొనుచు తిరుగును. ఈ జాతులను శాస్త్రీయముగ వర్ణించినవారిలో హార్టన్ హాబ్స్ ముఖ్యుడు. ఫ్లోరిడా క్రేఫిష్‌లపై ఆయన గ్రంథము 1942లో వెలువడినది. వాని ఆహారము పైలోకమునుండి కొట్టుకొనివచ్చిన ఆకు తునకలు, మట్టిలోని సూక్ష్మజీవులు. తిండి తక్కువ గనుక బ్రదుకంతయు మందగమనము. అలబామా గుహలలోని మరియొక జాతి నూటడెబ్బదియేండ్లకు పైగా బ్రదుకగలదని మొదట అంచనా కట్టిరి. 2012లో వెలువడిన పరిశోధన దానిని సుమారు ఇరువదిరెండేండ్లకు దింపినది. నేను క్లాసులో పాత లెక్కనే చెప్పియుండువాడను! అయినను రొయ్యజాతికి ఇరువదిరెండేండ్లు తక్కువ ఆయుస్సా?

ఇప్పుడు చెప్పబోవునది మా చెల్లెలికి ముందే చెప్పి, తిట్లు తిని, ఆమె అనుమతితోనే చెప్పుచున్నాను. ఒకనాడు మావాడొక సొరంగమున రాతి అంచుపై తెల్లని క్రేఫిష్‌ను చూచి ఆగెను. మొగము దగ్గఱగా పెట్టి దాని మీసముల కదలికను చూచుచుండగా కాలికి తొడిగిన రెక్క అడుగునున్న మెత్తని ఒండ్రును తాకినది. అది పొగవలె లేచినది. నిమిషములో పాలలో మునిగినట్లయి, దీపము కన్నుల ముందే ఉన్నను చేయి కనబడలేదట. లోనికి పోవునపుడు ద్వారమునుండి పరచుకొనిపోయిన సన్నని త్రాడొకటి ఉండును. దానిని వ్రేళ్ళ నడుమ వదులుగ పట్టుకొని, కన్నులు మూసుకొన్నవానివలె బయటికి వచ్చినాడు. "మామయ్యా, ఆ పది నిమిషములు దానికీ నాకూ భేదము లేదు. దానికి మీసములు, నాకు త్రాడు" అన్నాడు.

అచ్చట మనుష్యుని చంపునది జంతువు కాదు. పలు గుహల నోటివద్ద మృత్యుదేవత బొమ్మతో పలకలు నాటియున్నవి. ఇటువంటి గుహలలో మునుగుట నేర్పు గురువులతో సహా మూడువందల మందికి పైగా మరణించిరని, ముందుకు పోవలదని వానిపై వ్రాసియుండును. షెక్ ఎక్స్‌లీ అను ప్రసిద్ధుడు ప్రమాదములను పరిశీలించి 1979లో ప్రచురించిన చిన్న పుస్తకము నేటికిని వారికి ప్రమాణము. త్రాడు విడువరాదు, గాలిలో మూడవవంతు పోవుటకు, మూడవవంతు వచ్చుటకు, మిగిలినది ఆపదకు. ఆ ఎక్స్‌లీయే 1994లో మెక్సికోలోని ఒక అగాధపు మడుగున ప్రాణము విడిచెను. దుర్యోధనునకు జలస్తంభన విద్య యుండెను. వీరికి వీపున కట్టుకొన్న సీసాలే గతి.

అయితే ఆ క్రేఫిష్‌కు అపాయము ఎచ్చటనుండి వచ్చును? పైనుండియే. సువానీ నది పొంగినపుడు నల్లని వరదనీరు ఊటలలోనికి ఎదురెక్కును. ఆ నీటితోనే ఆహారమును వచ్చును; ఆ నీటిలో ప్రాణవాయువు తక్కువైనచో మృత్యువును వచ్చును. 1990 తరువాతి తొలి సంవత్సరములలో పీకాక్ స్ప్రింగ్సు గుహలలో అట్లు క్రేఫిష్‌లు చచ్చి పడియుండుటను మునిగినవారే చూచి లోకమునకు తెలిపిరి. అది ప్రకృతి చేసినది. వకుల్లాలో జరిగినది వేరు. తల్లహసీ నగరపు వాడుకనీటిని శుద్ధిచేసి మైళ్ళ దూరమున పొలములపై చిమ్ముచుండిరి. ఆ పొలములవద్ద నీటిలో రంగు కలిపి చూడగా అది వకుల్లా ఊటలో తేలినది! దానితోపాటు నత్రజని లవణములును వచ్చుచుండెను. తరువాత నగరమువారు శుద్ధికేంద్రమును బాగుచేసి నత్రజనిని తగ్గించిరి. అయినను 1954 నాటి సినిమాకు నీటి అడుగు దృశ్యములు తీసిన ఆ ఊటలో నేడు నీరు తఱచు నల్లగనే ఉండును. గాజు అడుగు పడవ ఎక్కవలెనని పోయిన నేను మామూలు పడవనెక్కి వచ్చితిని.

ఇది పరదేశపు ముచ్చటయని తీసివేయకుడు. జార్జియా రాష్ట్రమున రెండువందల అడుగుల బావినుండి పైకి వచ్చిన ఒక గ్రుడ్డి సాలమాండరును 1939లో ఆర్చీ కార్ వర్ణించెను; అది ఫ్లోరిడా గుహలలోను కలదు. మన పొరుగున కేరళలోని కొట్టాయము బావులనుండి దొరకిన గ్రుడ్డి జెల్లచేపను 1950లో మేనన్ వర్ణించెను. ఆ చేపలకే బంధువైన మరియొక జాతికి 2023లో "ప్రజల" పేరు పెట్టిరి. తమ బావులలో, తొట్టెలలో కనబడినదానిని పారవేయక తెచ్చి యిచ్చినవారు సామాన్య గృహస్థులే గనుక. వ్రేలెడైన లేని ఎఱ్ఱని జీవి అది. మన బావి బొక్కెనలో అటువంటిది వచ్చినచో పురుగని పారబోసియుందుము. నేను పారబోయలేదని ప్రమాణము చేయలేను.

మేనల్లుడు మానలేదు. నేను మానుమని గట్టిగా చెప్పనును లేదు. అందులకు మా చెల్లెలు నాతో పదునైదు దినములు మాటలాడలేదు. త్రాడు విడువనని, ఒంటరిగ పోనని మాత్రము వాడు మాట యిచ్చినాడు. ఆదివారము గుహనుండి బయటికి రాగానే ఇంటికి ఫోను చేయును. అప్పటికి మనకింకను తెల్లవారదు. మా చెల్లెలు లేచి కూర్చుండియుండును. "నీళ్ళు తేటగా ఉన్నవా?" అని మొదట అడుగును; ఆ గ్రుడ్డి రొయ్య కనబడినదా యని తరువాత. ఆపైననే పడుకొనును.