14 నెలల తర్వాత మళ్ళీ బంగారు దారం

"ఆ దేవదూత ఏమైంది, మధ్యలో వదిలేశారా?" అని చాలామంది అడుగుతున్నారు. వదల్లేదండీ. నాన్నగారి ఆరోగ్యం, ఆ తర్వాత వరసగా పెళ్ళిళ్ల బ్లౌజులు... అలా 14 నెలలు గడిచిపోయాయి. బ్లౌజులు కుడితే ఇల్లు నడుస్తుంది, దీనితో నడవదు. అందుకే ప్రతిసారీ ఇదే వెనక్కి జరిగింది. ఇవాళ ఫ్రేమ్ మళ్ళీ కిటికీ దగ్గరికి తెచ్చాను.

కొత్తగా చూస్తున్నవాళ్ళకి రెండు ముక్కలు చెప్తాను. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో సయన్ కోప్ అని ఒక పాత వస్త్రం ఉంది. కోప్ అంటే చర్చిలో గురువులు భుజాల మీద కప్పుకునే అర్ధవృత్తం ఆకారపు పైవస్త్రం. దాన్ని 14వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో కుట్టారు. మన ఓరుగల్లులో ప్రతాపరుద్రుడు ఏలుతున్న రోజులన్నమాట. ఆ పనితనాన్ని ఓపస్ ఆంగ్లికానమ్, అంటే 'ఇంగ్లీషు పని' అనేవారు. యూరప్ అంతా దానికి గిరాకీ, పోపులు కూడా తెప్పించుకున్నారు. సయన్ కోప్ మీద చక్రాలపై నిలబడ్డ దేవదూతలుంటారు. వాళ్ళని చూసే నా ఆరు రెక్కల బొమ్మ గీసుకున్నాను. మక్కికి మక్కి కాపీ కాదు.

ఇందులో అసలు గమ్మత్తు కుట్టులో ఉంది. మామూలుగా మనం జరీని బట్ట మీద పరిచి, పైనుంచి సన్న దారంతో అక్కడక్కడా బిగిస్తాం కదా, ఆ బిగింపు పైకి కనబడుతుంది. ఇక్కడ అలా కాదు. కింద నుంచి నార దారం పైకొచ్చి, బంగారు దారాన్ని చుట్టి, మళ్ళీ అదే రంధ్రంలోంచి కిందికి దిగుతుంది. అప్పుడు గట్టిగా లాగితే, 'టక్' మని బంగారు దారం చిన్న మెలికలాగా బట్ట వెనక్కి పోతుంది. పైన ఒక్క కుట్టూ కనబడదు, చిన్న చిన్న గుంటలు మాత్రం వరసలు కడతాయి. ప్రతి గుంటా తలుపు బందులాగా పనిచేస్తుంది. అందుకే అంత బంగారం ఉన్నా వస్త్రం అట్టలాగా బిగుసుకుపోదు, ఒంటి మీద చక్కగా మడత పడుతుంది.

సరే, మళ్ళీ మొదలుపెట్టడం సంగతి. ముందు సూది పట్టుకోలేదు. బట్ట చూశాను. ఆపేటప్పుడే ఫ్రేమ్ తాళ్ళు వదులు చేసి, గంజి లేని పాత నూలుగుడ్డ కప్పి ఉంచాను కాబట్టి పని బాగానే ఉంది. రీలు మీద పైవరస దారం మాత్రం కాస్త నల్లబడింది. అది రుద్దకండి, పాలిష్ అసలు వద్దు, పైనున్న బంగారు పూత లేచిపోతుంది. నేను ఆ వరస కత్తిరించి తీసేశాను. (ధర మాట అడక్కండి!)

తర్వాత రెండు సాయంత్రాలు విడి నార ముక్క మీద కుట్టాను. అక్కడ బయటపడింది: చెయ్యి మారిపోయింది. కొత్త కళ్ళద్దాలవల్లో, బ్లౌజుల అలవాటువల్లో, గుంటలు దగ్గరదగ్గరగా పడుతున్నాయి. పాత రెండు రెక్కల్లో కాస్త ఎడంగా ఉంటాయి. పక్కపక్కన పెడితే తేడా ఇట్టే తెలిసిపోతుంది.

"విప్పేసి మొత్తం ఒకేలా కుట్టండి" అని మా చెల్లెలంది. నేనొప్పుకోను. ఈ కుట్టు విప్పితే రంధ్రాలు పెద్దవిగా మిగులుతాయి, మెలికపడ్డ దారం మళ్ళీ తిన్నగా రాదు. పైగా ఆ రెండు రెక్కలూ నాన్నగారు పక్కన కుర్చీలో కూర్చుని చూస్తుండగా కుట్టినవి. ఆయన ఇప్పుడు లేరు. ఆ రెక్కల మీద నేను కత్తెర పెట్టలేను.

అందుకని సగంలో ఉన్న వరస కలపకుండా, కొత్తగా మూడో రెక్క అంచు నుంచి మొదలుపెడుతున్నాను. రెండింటి మధ్య పట్టుదారపు గీత ఉంటుంది కాబట్టి, చెయ్యి మారిన చోటు ఆ గీత దగ్గరే పడుతుంది. సయన్ కోప్ లాంటి పెద్ద పనులు కూడా ఒక్కరి చేత్తో అయినవి కావు లెండి.

వచ్చే ఎపిసోడ్‌లో నార దారానికి తేనెమైనం పట్టించడం, ఎంత బలంగా లాగాలో దగ్గరగా చూపిస్తాను. ఇంట్లో నార ముక్క ఉంటే పక్కన పెట్టుకోండి. ఉంటానండీ.