ఈ వారం కోస్తా వాతావరణం: ఫోన్‌లో 37 చూసి మోసపోకండి

రోహిణి కార్తె వచ్చేసింది. ఈ వారం మన కోస్తాలో ఎలా ఉంటుందో చూద్దాం.

మొదటి మూడు నాలుగు రోజులు పడమటి గాలిదే జోరు. అది భూమి మీదుగా వచ్చే పొడిగాలి, సముద్రపు గాలిని తొందరగా లోపలికి రానివ్వదు. విజయవాడ, గుంటూరు, ఏలూరు వైపు వడగాలులు ఉంటాయి. బాపట్ల, మచిలీపట్నంలో కూడా గాలి తిరిగేదాకా మంటే.

విశాఖ, కాకినాడ వాళ్లకి ఉక్కపోత. మా బాబాయి పోయినేడు స్లాబ్ పనిలో కళ్లు తిరిగి పడిపోయాడు. ఆరోజు ఫోన్‌లో చూపించింది 37 డిగ్రీలే! చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారుతుందే గానీ ఆరదు. అందుకే మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు పెరిగితే, వాతావరణ శాఖ తీరంలో 37కే వడగాలి అంటుంది. మైదానంలో అయితే 40 ఉండాలి. కాబట్టి డిగ్రీలతో పాటు తేమ శాతం కూడా చూడండి.

వారం చివర్లో సాయంత్రాలు అక్కడక్కడా ఉరుములు, పిడుగులు. ఉరుము వినపడితే చెట్టు కింద నిలబడొద్దు, పక్కా ఇంట్లోకి వెళ్లిపోండి.

జూన్ 14 దాకా వేట నిషేధం, బోట్లు ఒడ్డునే ఉన్నాయి. కానీ వలలు బాగుచేసుకునేవాళ్లు ఎండలోనే కూర్చుంటారు. మీ ఇంట్లో అలా బయట పనిచేసేవాళ్లుంటే, పదకొండు నుంచి నాలుగు దాకా నీడపట్టున ఉండమనండి. దాహం వేయకపోయినా ఉప్పు వేసిన మజ్జిగ తాగమనండి. ఎవరైనా తికమకగా మాట్లాడినా, పడిపోయినా నీళ్లతో ఒళ్లు తడుపుతూ 108కి ఫోన్ చేయండి.

మళ్లీ వచ్చే వారం కలుద్దాం. జాగ్రత్త.