అన్నమూ, మూర్ఛా
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను వైద్యుడను కాను, రైల్వే గుమాస్తాను. మెట్రిక్ దాటి చదివినవాడినీ కాను. మా యింట జరిగినది చెబితే నలుగురికి ఉపయోగపడునని కార్యదర్శిగారు బలవంతపెట్టగా లేచాను.

మా చెల్లెలికి చిన్ననాటినుండి మూర్ఛ. మేము కోవిల్‌పట్టిలో ఉండగా టోపిరమేట్ అనే మాత్ర ఇచ్చారు. మూర్ఛలు తగ్గినవి. ఆ మాత్ర కొందరికి ఆకలిని కూడా తగ్గిస్తుంది. పిల్ల చిక్కింది. చుట్టాలు చూచి, "సన్నబడ్డావే అమ్మాయీ, ఇక సంబంధాలు చూడవచ్చు" అని మెచ్చుకున్నారు. ఆ మాట దాని మనసులో నాటుకున్నది. అన్నం తగ్గించింది. తిన్నది చాటుగా కక్కివేయసాగింది. శనివారాలు, ఏకాదశులు ఉపవాసముంటే మేము భక్తి అనుకున్నాము.

నాకు విరుదునగరు బదిలీ అయినాక మూర్ఛలు మళ్ళీ వచ్చినవి. దృష్టి తగిలిందన్నారు కొందరు, గాలి సోకిందన్నారు కొందరు. వైద్యులు మాత్ర మోతాదు పెంచారు. ఉన్న కాస్త ఆకలీ పోయింది. ఒకనాడు వాంతిలో కరగని మాత్ర మా అమ్మ కంటపడింది. అప్పటికి గాని మాకు సంగతి తెలియలేదు.

ఇది కొత్త జబ్బు కాదు. తిండి మానే ఈ వ్యాధిని 1873లోనే లండనులో విలియం గల్, పారిస్‌లో లసేగ్ అనే వైద్యులు వర్ణించారు. మూర్ఛతో కలిసినప్పుడు ప్రమాదం హెచ్చు. వాంతులవల్ల మందు ఒంటపట్టదు. రక్తంలో పొటాషియం పడిపోతే గుండె లయ తప్పవచ్చు. సోడియం పడిపోతే మూర్ఛే రావచ్చు.

ఒకే లైనుమీద బండ్లు నడిపే ఇద్దరు స్టేషన్‌మాస్టర్లు మాట్లాడుకోకపోతే ఏమగునో మాకు తెలుసు. నరముల వైద్యుడు, మనోవైద్యుడు ఒకరి చీటీ ఒకరు చూచిన తరువాతనే మాకు దారి దొరికింది. పాత మాత్రను ఒక్కసారిగా ఆపక, మెల్లగా తగ్గించి వేరొకటి ఇచ్చారు. అన్నమూ కొద్దికొద్దిగానే పెంచమన్నారు. బాగా చిక్కినవారికి ఒక్కసారి కడుపునిండా పెడితే రక్తంలో భాస్వరం పడిపోయి ప్రాణాపాయమట. దిగులుకు ఇచ్చే బ్యుప్రోపియన్ వంటి మందు ఇటువంటివారికి మూర్ఛ తెప్పించగలదు. కనుక ఏ వైద్యుని వద్దనైనా రెండు జబ్బులూ దాచక చెప్పవలెను.

ఇంట్లో మేము చేసినది స్వల్పం. అందరం ఒకే పంక్తిని కూర్చున్నాము. కంచం ముందు ఒళ్ళు మాట ఎత్తలేదు, తిట్టలేదు, బతిమాలలేదు. భోజనమైనాక ఒక గంట ఎవరో ఒకరు తోడుగా కూర్చుని కబుర్లు చెప్పేవారము. ఏడాదిన్నర పట్టింది. మధ్యలో రెండుసార్లు వెనక్కి పోయింది కూడా. నిరుడు కోవిల్‌పట్టి వెళ్ళినప్పుడు తానే అడిగి కడలమిఠాయి ఒక ముక్క తిన్నది. మా అమ్మ ముఖం అటు తిప్పుకున్నది.

పరవూళ్ళలో ఉన్నవారము, పరువు పోతుందని జబ్బు దాచుకుంటాము. దాచవద్దు. ఆడపిల్లను చూడగానే సన్నబడ్డావనో, లావెక్కావనో అనవద్దు. తిన్నావా, ఒంట్లో ఎలా ఉన్నదని అడుగుదాము.

ఈ కొత్త సంవత్సరమున మీ ఇండ్ల కంచాలు నిండుగా ఉండుగాక. సెలవు.